బరువొక్కటే చూస్తే...

సంతలో గొర్రెను కొనేవాడు ముందు దాని నడుం మీద చెయ్యి వేసి నొక్కుతాడు. ఆ తరువాత ‘ఎంత తూగుతది?’ అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నే దక్కనీ నల్లగొర్రెను మందల్లోంచి మెల్లమెల్లగా బయటికి గెంటేస్తోంది!

స్టేషన్ ఘనపూర్, లింగాలఘనపూర్... జనగామ జిల్లాలోని ఈ పల్లెల్లో కురుమలకూ గొర్రెలకూ ఉన్న బంధం పాటలకెక్కింది. లింగాలఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన డోలు దరువు మీద చెప్పినవాటిలో మల్లన్న, బీరప్ప కథలున్నాయి. గొర్రెల కాపరుల దేవుళ్లు వాళ్లు.

దక్కనీ గొర్రె చూపులకు గొప్పగా ఉండదు. పెద్ద ఎత్తు కాదు. ఒళ్లంతా నల్లటి ముతక బొచ్చు. కానీ ఎండలో మైళ్లకు మైళ్లు నడుస్తుంది. కోతలైన చేలలో దొరికింది ఏరుకుని బతుకుతుంది. చలికీ వానకూ ఆ బొచ్చే దానికి రక్ష. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన బొచ్చును ఏకి, వడికి, చింతగింజల గంజి పెట్టి మగ్గం మీద నేస్తే గొంగడి అవుతుంది. పొలంలో మంద పక్కనే పడుకునే రాత్రుల్లో గొర్రెనూ కాపరినీ కాచేది ఒకే ఉన్ని.

నెల్లూరు గొర్రె తీరు వేరు. మన దేశంలో బాగా ఎత్తు పెరిగే గొర్రెల్లో అదొకటి. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెల్లటిదాన్ని పల్ల అనీ, ఎర్రటి గోధుమ రంగుదాన్ని దొర అనీ, తెలుపు మీద నల్లమచ్చలుంటే జోడిపి అనీ అంటారు. మాంసానికి మంచి రకం. ఉన్నికి ధర లేక, మాంసానికి గిరాకీ పెరిగాక కాపరి తన నల్లమందలోకి నెల్లూరు పొట్టేలును వదిలితే తప్పేముంది? పిల్ల తొందరగా ఎదుగుతుంది. నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఫీజులు కట్టాలి కదా! 2017 జూన్‌లో మొదలైన ప్రభుత్వ పథకం కింద ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు కూడా జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచే కొని తెచ్చారు.

పెద్ద ఒళ్లున్న జీవానికి మేతా ఎక్కువే కావాలి. ఇక జబ్బులంటారా, అవి జాతి చూసి రావు. ‘మన నాటు గొర్రెకేం కాదులే’ అన్న ధీమా పనికిరాదు. తొలకరికి మొలిచిన లేత పచ్చికను ఆబగా మేస్తే చిటుకరోగం వస్తుంది. పొద్దున బాగున్న గొర్రె సాయంత్రానికి ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేయించాలి. వానాకాలంలో దోమకన్నా చిన్న పురుగు కుట్టడం వల్ల నీలినాలుక సోకుతుంది. పారుడు రోగం ఒకదానికి వస్తే మందంతా చుట్టేస్తుంది. వేళకు నట్టల మందు తాగించడం, కొత్తగా కొన్నవాటిని కొన్నాళ్లు విడిగా కట్టేయడం ఏ జాతికైనా తప్పవు.

జబ్బుకైతే టీకా ఉంది. పోయిన జాతిని తిరిగి తెచ్చే టీకా లేదు. నార్వేలో గుర్రాలు పెంచేవాళ్లు ఈ సంగతి వందేళ్ల కిందటే గ్రహించారు. అక్కడి ఫియోర్డ్ గుర్రం పొట్టిది, గట్టిది. లేత గోధుమ రంగు ఒళ్లు, జూలు మధ్యలో నల్లటి చార దాని గుర్తులు. కొండ పొలాల్లో అదే దున్నేది, అదే బరువులు లాగేది. ఇంకా పెద్దగా పెంచాలని పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని మరో పెద్ద జాతితో కలిపారు. పుట్టిన పిల్లలు అనుకున్నట్టు రాలేదు. దాంతో 1907లో సంకరం మానేసి, అసలు జాతినే కాపాడుకోవాలని నిర్ణయించుకున్నారు. వెనక్కి తిరగడానికి వాళ్లకు వీలైందంటే, అప్పటికి అసలు జాతి గుర్రాలు ఇంకా మిగిలి ఉండబట్టే.

మందంతా నల్లగానే ఉంచుకొమ్మని ఏ కాపరికీ చెప్పలేం. అతని ఇల్లు గడవాలి. కానీ ఊరికి ఒకటి రెండు మందల్లోనైనా మేలైన నల్ల పొట్టేలు ఉండాలంటే దాని బొచ్చుకు విలువ కట్టేవాళ్లు కావాలి. గొంగడి కొనేవాళ్లుంటే ఆ పొట్టేలు మిగులుతుంది. అది మిగిలితే, రేపెప్పుడైనా మనసు మార్చుకున్న కాపరికి వెనక్కి వెళ్లే దారి మిగులుతుంది.