మంచు, షబ్నమ్, కుహ్రా

తెలుగులో మంచు అన్నది ఒకటే మాట. హిమాలయం మీద గడ్డకట్టినదీ మంచే, గడ్డిపరక మీది బిందువూ మంచే. పుష్యమాసపు ఉదయాన భోగాపురం కొబ్బరితోటలను కప్పివేసే తెల్లని పొగ కూడా మంచే. అమరకోశం సైతం నీహారం, తుషారం, తుహినం, హిమం అనే పదాలను ఒకే వరుసలో పర్యాయాలుగా చెప్పినది. ఉర్దూ ఇంటివారు మాత్రం బర్ఫ్, షబ్నమ్, కుహ్రా అని మూడింటికి మూడు పేర్లు పెట్టుకొన్నారు. ఇది భాషాశాస్త్ర విషయమని ఇన్నాళ్లూ అనుకొన్నాను. తాగునీటి విషయమని ఈ సంవత్సరమే బోధపడినది.

నీటియెద్దడి మీద వ్యాసం వ్రాయిస్తుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, ఇంత పొగమంచు ఊరికే పోతున్నది గదా! వలలు కట్టి పట్టుకోరాదా?" అన్నాడు. తరగతి అంతా నవ్వినది. ముక్కాం నుండి వచ్చే జాలరి పిల్లవాడొకడు మాత్రం నవ్వలేదు.

నవ్వవలసిన ప్రశ్న కాదది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, ఎల్ తోఫో కొండ మీద, 1987 నుండి ఈ పనే చేసినారు. సముద్రం నుండి వచ్చే మేఘం ఆ కొండను రాసుకొంటూ పోతుంది. దానికి అడ్డంగా ఒక్కొక్కటి 48 చదరపు మీటర్ల వలలు కట్టినారు. గాలి నెట్టగా సూక్ష్మబిందువులు దారాలకు తగిలి, ఒకటితో ఒకటి కలిసి బరువెక్కి, కింది గొట్టంలోనికి జారేవి. 1992 నాటికి దిగువనున్న చుంగుంగో అనే జాలరి పల్లెకు ఆ నీరు చేరినది. సుమారు నూరు వలలకు సగటున రోజుకు 15,000 లీటర్లు! అయితే పల్లె పెరిగినది, గాలికి చినిగిన వలలను బాగుచేసేవారు కరవైనారు. పదేళ్లకే తిరిగి లారీనీరే దిక్కయినది.

మన పొగమంచు సంగతి వేరు. అది గాలి స్తంభించిన రాత్రులలో నేల చల్లబడి పుట్టేది. గాలి కదిలితే, ఎండ పొడిస్తే విచ్చిపోతుంది. నెట్టే గాలి లేనిదే వల ఏమి చేయగలదు? అనంతగిరి దగ్గరి గాలికొండ మీదనైతే, పేరుకు తగినట్లు, ఏమైనా దొరకవచ్చును.

ఇక షబ్నమ్. కచ్ లోని కొఠారాలో ఆచార్య గిరిజా శరణ్ వాలుగా పరచిన కప్పుల మీద దానిని సేకరించి చూపినారు. రాత్రికి చదరపు మీటరుకు అర లీటరు దాటడం అరుదు. లెక్క పిల్లలచేతనే వేయించినాను: 0.3 లీటరు చొప్పున, 100 చదరపు మీటర్ల కప్పుకు, 100 రాత్రులకు 3,000 లీటర్లు. "ఓస్ చాట్‌నేసే ప్యాస్ నహీ బుఝ్‌తీ" అని వెనుక బెంచీలోని అమ్మాయి మెల్లగా అన్నది. మంచు నాకితే దప్పిక తీరదట!

అదే కప్పు మీద మన జిల్లాలో ఏటా 1000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తున్నది. పదింట రెండు పాళ్లు పోయినా 80,000 లీటర్లు. అడిగినవాని ముఖం కొంత చిన్నబోయినది గాని, మరునాడు టేపు తెచ్చినవాడూ వాడే. వరండా కప్పు కొలతలు తీసినారు. తూములకూ తొట్టికీ ఎంత కావలెనో వ్రాసిన కాగితం నా వద్ద ఉన్నది. కమిటీ పెద్దలు ఎప్పుడు అడిగినా అందజేయగలను.