రెయిడ్ జీరో మీద బూట్

మా తమ్ముడు డెస్క్‌టాప్‌లో రెండు సాటా ఎస్‌ఎస్‌డీలు బిగించి, రెయిడ్ జీరోగా కలిపి, లినక్స్ దాని మీద నుంచే లేవాలంటున్నాడు. వాడి ఉత్సాహం నాకు అర్థమైంది. ఒక్కో డిస్క్ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, రెండూ కలిస్తే వెయ్యి దాటుతుంది.

చిక్కంతా మొదటి క్షణాల్లోనే. పవర్ బటన్ నొక్కగానే లేచేది లినక్స్ కాదు, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్. ఒక ముక్క ఈ డిస్క్‌లో, తర్వాతి ముక్క ఆ డిస్క్‌లో ఉంటే, లినక్స్ చేసిన ఆ పంపకం దానికి తెలీదు. అందుకే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని ఏదో ఒక డిస్క్ మీద విడిగా, మామూలు ఫ్యాట్32లో ఉంచాలి. బూట్ డైరెక్టరీ కూడా బయటే ఉంటే ఇంకా నిశ్చింత. కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మెమరీలోకి వచ్చాక, అందులో ఉన్న ఎండీఅడ్మ్ రెండు డిస్కుల్నీ కలుపుతుంది. రూట్ కనబడేది అప్పుడే. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఎండీఅడ్మ్ లేకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

నిజానికి బూట్ టైమ్‌లో జరిగేది ఎక్కువగా చిన్న చిన్న ఫైళ్లు అక్కడక్కడా వెతికి చదవడం. దానికి ఈ జోడీ పెద్దగా ఒరగబెట్టేదేం లేదు. భారీ వీడియో ఫైళ్లకైతే అదిరిపోతుంది.

1988లో బర్కిలీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్లో రెయిడ్ లెవెల్స్ ఒకటి నుంచి ఐదు వరకే ఉన్నాయి. జీరో అందులో లేదు. జీరోలో అదనపు కాపీ ఏదీ ఉండదు కాబట్టి, ఒక డిస్క్ పోతే రెండింట్లోదీ పోయినట్టే మరి.

పిల్లల ఫొటోలు మాత్రం దాని మీద పెట్టొద్దని గట్టిగా చెప్పాను. నా దగ్గర ఖాళీ హార్డ్‌డిస్క్ ఒకటుంది, ఆదివారం పట్టుకెళ్తున్నా.