మిర్చి కొట్లో కంప్యూటరు కూడా అనుభవమే

గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్లో రెజ్యూమే తీసి చూసినా మొదటి వాక్యం ఒకటే. సవాళ్లున్న వాతావరణంలో పనిచేసి, సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ తానూ ఎదగాలని ఆ అబ్బాయికో అమ్మాయికో కోరిక. చిలకలూరిపేటలో టైపు చేయించినా, నరసరావుపేటలో చేయించినా, మార్టూరులో చేయించినా ఆ కోరికలో అక్షరం మారదు. నెట్ సెంటరు కంప్యూటర్లో ఎప్పుడో ఎవరో సీనియర్ వదిలిపెట్టిన ఫైలు ఉంటుంది. అందులో పేరు మార్చి, తండ్రి పేరు మార్చి, మార్కుల శాతం మార్చి ప్రింటు తీస్తారు. హాబీల దగ్గర క్రికెట్ చూడడం, పాటలు వినడం. అన్నిటికంటే కింద, పైన రాసినవన్నీ నిజమేనని ఒక హామీ, తేదీ, సంతకం.

నేను చాలాకాలం కంపెనీల ఐటీ సర్వీస్ డెస్కుల్లో పనిచేశానని తెలిసి బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు ఇలాంటివి వాట్సాప్‌లో పంపుతుంటారు. ఐటీ సపోర్టు ఉద్యోగానికి పెడుతున్నాను, కాస్త చూసి చెప్పమంటారు. చూస్తాను. ఆ కాగితంలో పిల్లలు కనపడరు. చేతిలో పని లేని పిల్లలైతే ఇంత బాధ ఉండదు. పని ఉంది, చాలానే ఉంది. దాన్ని పనిగా లెక్కేసుకోవడం లేదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. బీఎస్సీ కంప్యూటర్స్. అనుభవం అన్నచోట ‘ఫ్రెషర్’ అని ఒక్కమాట రాసి ఊరుకున్నాడు. ఫోన్ చేశాను.

"డిగ్రీ అయిపోయాక ఏం చేస్తున్నావురా?"

"ఖాళీనే బాబాయ్. యార్డులో మావయ్య వాళ్ల కమీషన్ కొట్లో కూర్చుంటన్నా."

"కూర్చుని?"

"ఏముందీ, బిల్లులు కొడతా. కంప్యూటర్ ఆగితే చూస్తా."

ఆ చివరి మాట పట్టుకుని అడిగాను. గుంటూరు మిర్చి యార్డంటే ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్టని పేరు. సీజన్లో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీలు దిగుతుంటాయి. ఆ ఘాటుకు అలవాటు లేని మనిషి పది నిమిషాలు నిలబడలేడు. ఆ ఎర్రటి దుమ్ము కంప్యూటర్లను కూడా వదలదు. వీళ్ల కొట్లో సీపీయూ నేలమీదే ఉండేదట. మధ్యాహ్నం బిల్లింగ్ జోరుగా సాగుతుండగా దానంతటదే ఆగిపోయేది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగేది. కరెంటు సమస్యేమోనని యూపీఎస్ మార్చారు. తగ్గలేదు. వీడు గమనించిందేమంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆగదు, ఎండెక్కాకే ఆగుతుంది. క్యాబినెట్ విప్పి చూస్తే ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మధ్య మిర్చి దుమ్ము గడ్డకట్టి ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బయటికి తీసుకెళ్లి బ్లోయరుతో కొట్టాడు, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది రాశాడు, సీపీయూని బల్లమీదికి ఎక్కించాడు. మధ్యలో ఆగిన బిల్లులు పోయి రైతుకిచ్చే పట్టీలో లెక్క తప్పుతోందని, రోజూ సాయంత్రం ఖాతాల బ్యాకప్ తీసే అలవాటు పెట్టాడు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు వరుసలు మింగేస్తుంటే అదీ సరిచేశాడు. ఇప్పుడు పక్క కొట్లవాళ్లు కూడా వీడినే పిలుస్తున్నారు.

"మరి ఇదంతా రెజ్యూమేలో ఎందుకు లేదురా?"

"అది ఉద్యోగమేంది బాబాయ్? కొట్లో పని గదా."

మన వైపు పిల్లల్ని వెనక్కి లాగుతున్నది ఈ ఆలోచనే. అద్దాల మేడలో, మెడలో ట్యాగుతో చేసేదే ఐటీ పని, నాన్నకో మావయ్యకో తెలిసినవాళ్ల దగ్గర చేసేది సాయం. ఈ విభజన ఎవరు నేర్పారో గానీ, ఇంటర్వ్యూ చేసేవాడికి మాత్రం ఆ తేడా లేదు.

సర్వీస్ డెస్కులో మొదటి మెట్టును ఎల్1 అంటారు. అక్కడ పనేమిటి? ఎవరో ఫోన్ చేస్తారు. ప్రింటు రావడం లేదంటారు, పాస్‌వర్డ్ మర్చిపోయానంటారు, నెట్ పోయిందంటారు. చిరాకులో ఉంటారు. వాళ్లు చెప్పింది విని, చెప్పనిది అడిగి రాబట్టి, టికెట్ రాసి, చేతనైతే సరిచేయాలి, కాకపోతే అన్ని వివరాలతో పై మెట్టైన ఎల్2కి పంపాలి. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసిన ఐటిల్ అనే పద్ధతిని నేడు చాలా దేశాల్లో ఈ పనికి ప్రమాణంగా వాడుతున్నారు. అందులో ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లం వేరు. ఆగిన మిషన్‌ను మళ్లీ నడిపించడం మొదటిది. ఎందుకు ఆగుతోందో కనిపెట్టి ఇక ఆగకుండా చేయడం రెండోది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లలోనూ చాలామంది ఇంటర్వ్యూలో ఈ తేడాను అప్పజెబుతారే గానీ సొంత ఉదాహరణ ఇవ్వలేరు. ఈ కుర్రాడు రెండూ చేశాడు, ఆ పేర్లు తెలియకుండానే.

కాబట్టి రాయవలసింది ఇది. మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్లో ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా బిల్లింగ్ కంప్యూటర్లు, ప్రింటర్లు చూసుకున్నాను. సీజన్లో వేడెక్కి ఆగిపోతున్న మిషన్‌కు కారణం దుమ్మని కనిపెట్టి సరిచేశాను. ఖాతాలకు రోజువారీ బ్యాకప్ ఏర్పాటు చేశాను. మూడు వాక్యాలు, తేలిక ఇంగ్లీషులో. ‘సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్’ లాంటి బిరుదు తగిలించుకోవద్దు. ఉన్నదున్నట్టు రాస్తే అవతలివాడు "దుమ్మేనని ఎలా తెలిసింది?" అని అడుగుతాడు. అడిగాడా, ఇక ఆ ఇంటర్వ్యూ నీదే. పుస్తకంలో చదివిన జవాబుకు అక్కడ పనిలేదు.

నెట్ సెంటర్లలో పనిచేసే ఆడపిల్లలకు జరిగేది ఇంకా పెద్ద అన్యాయం. ఒకమ్మాయి ‘మంచి కమ్యూనికేషన్ స్కిల్స్’ అని రాసింది. ఆ మాట రాయని రెజ్యూమే నేనింతవరకు చూడలేదు. నిజానికి ఆ అమ్మాయి రోజంతా చేసే పని చూడండి. మిరపకాయలు కోసే కూలీ అవ్వ ఆధార్ వేలిముద్ర వేయడానికి వస్తుంది. ఏళ్లతరబడి పొలం పనికి ఆమె వేలిగీతలు అరిగిపోయాయి, మిషన్ మీద పడవు. ముందు చేతులు కడిగించి తుడిపిస్తుంది, వేలు మార్చి చూస్తుంది, డివైజ్‌లోనే లోపమా అని తన వేలు పెట్టి పరీక్షిస్తుంది, ఆ డివైజ్‌కు కావలసిన ఆర్‌డీ సర్వీస్ నడుస్తోందో లేదో చూసుకుంటుంది, అప్పటికీ కాకపోతే, వీలున్నచోట ఓటీపీ దారి పడుతుంది. అవ్వ ఈలోగా తన డబ్బులు పోయాయేమోనని కంగారుపడుతుంటే సర్దిచెబుతుంది. 2025లో భారత పత్తి సంస్థ (సీసీఐ) కపాస్ కిసాన్ యాప్ తెచ్చాక, ఆ సంస్థకు పత్తి అమ్ముకునే రైతు ముందుగా అందులో నమోదై స్లాట్ తీసుకోవలసి వస్తోంది. ఆధార్‌కు ఏ నంబరు ఇచ్చాడో గుర్తులేని రైతును ఓపిగ్గా ఆ దారిన నడిపించేదీ ఇలాంటి పిల్లలే. మనిషి తప్పా మిషన్ తప్పా అని వరసగా ఒక్కొక్కటీ తోసిపుచ్చుకుంటూ పోవడాన్నే ట్రబుల్‌షూటింగ్ అంటారు. ఆ అమ్మాయి రెజ్యూమేలో ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ కొట్టేసి ఇదే రాయించాను. తెలుగు ఫాంట్ల తంటాలు కూడా చేర్చమన్నాను. అను స్క్రిప్టులో టైపుచేసిన పత్రాలను యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది ఇవ్వడం అందరికీ వచ్చిన విద్య కాదు.

ఇలాంటి పనే దగ్గర్నుంచి చూడాలంటే, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఒక్కో డిజిటల్ అసిస్టెంట్ ఉంటారు. కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రల డివైజ్ అన్నీ ఆ ఒక్కరి చేతిమీదే నడుస్తాయి. మీకు పరిచయం ఉంటే ఖాళీ పూటల్లో వెళ్లి వాళ్ల పని గమనించండి.

రెజ్యూమేలో పేరు, ఊరు రాసేచోట మనకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, రెజ్యూమేలో అసలే ఉండదు. కంపెనీ దరఖాస్తు మొదటి పేరు, చివరి పేరు అని విడివిడిగా అడుగుతుంది. మెమోలో ఎలా ఉంటే అలాగే అంతటా రాయండి. జిల్లా సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నరసరావుపేట, సత్తెనపల్లి పల్నాడులోకి, చీరాల, పర్చూరు బాపట్లలోకి వెళ్లాయి. సర్టిఫికెట్లో గుంటూరు జిల్లా, ఆధార్‌లో పల్నాడు జిల్లా ఉంటే, ఎక్కడో నోయిడాలో కూర్చుని మీ వివరాలు సరిచూసే మనిషికి రెండు వేర్వేరు ఊళ్లనిపిస్తుంది. ఇప్పటి చిరునామా రాసి, ఇది 2022కు ముందు ఫలానా జిల్లాలో ఉండేదని దరఖాస్తులోనే ఒక ముక్క చెప్పండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒక్క పేజీ చాలు. ఫొటో, కులం, పెళ్లి వివరం, చివరి హామీ తీసేయండి. పెట్టెలు, రెండు వరుసలు పెట్టకండి. పెద్ద కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, పెట్టెల్లో ఉన్నవి ఒక్కోసారి దానికి అందవు. ఉద్యోగ ప్రకటనలో అడిగినవాటిలో మీకు నిజంగా వచ్చినవాటిని అదే పేరుతో రాయండి. రానివాటికి ఇంట్లోనే సాధన చేయవచ్చు. విండోస్ సర్వర్‌ను 180 రోజులు ఉచితంగా వాడుకోనిస్తారు. వర్చువల్‌బాక్స్‌లో దాన్ని ఎక్కించి, యాక్టివ్ డైరెక్టరీలో పదిమంది యూజర్లను సృష్టించి, పాస్‌వర్డ్‌లు మార్చి, ఖాతాలు లాకైతే తీసి చూడండి. చేసింది చేసినట్టు, ఇంటి సాధన అనే రాయండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. మీ చుట్టుపక్కల మిషన్లలో ఏవి 11కు మారగలవో, ఏవి మారలేవో తేల్చి, డేటా పోకుండా మార్చి ఉంటే అదీ అనుభవమే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. హైదరాబాదు అమీర్‌పేటలో దిగగానే మూడేళ్ల అనుభవం కాగితం మీద పుట్టిస్తామనేవాళ్లు ఎదురవుతారు. పత్తి పంట పోయిన ఏడాది కూడా వడ్డీకి తెచ్చి మీ ఫీజు కట్టిన ఇల్లు మీది. అలాంటి ఇంటి డబ్బు వాళ్ల చేతిలో పోయకండి. 2014లో పీఎఫ్ ఖాతాదారులకు యూఏఎన్ నంబర్లు వచ్చినప్పటి నుంచి, ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో పీఎఫ్ ఖాతా చరిత్రే చెప్పేస్తోంది. ఏ కంపెనీలో లేనివాడికి ఆ చరిత్ర ఉండదు. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది, తర్వాతి కంపెనీకీ సమాధానం చెప్పుకోవాలి. కొట్లో నిజంగా చేసిన ఆరు నెలల పని ఆ దొంగ మూడేళ్లకంటే విలువైనదని ఉద్యోగాలిచ్చే వైపు కూర్చున్న మనిషిగా చెబుతున్నాను.

ఇక యార్డులోని కమీషన్ వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీ, జిన్నింగ్ మిల్లు యజమానులకు, నెట్ సెంటర్లవాళ్లకు ఒక విన్నపం. మీ కంప్యూటర్లు చూసిపెడుతున్న పిల్లాడు అన్నకొడుకో మేనల్లుడో అయివుండవచ్చు. జీతం ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. వాడు వెళ్లేరోజున మీ లెటర్‌హెడ్ మీద, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏమేం పని చేశాడో నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, ఫోన్ నంబరు వేసి ఇవ్వండి. ఏ హైదరాబాదు నుంచో ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, అవును, మా దగ్గర పనిచేశాడని చెప్పండి.