బంగారం కలిపిన గులాబీ రంగు

ఒక సంగతి చెబితే నమ్ముతారా? పింగాణీకి పుట్టిల్లయిన చైనాలోనే 1700 ప్రాంతం దాకా గిన్నె మీద పువ్వుకు మంచి గులాబీ రంగు వేయడం కుదరలేదు. నీలం ఉంది, ఇటుక ఎరుపు ఉంది, ఆకుపచ్చ ఉంది. పియొనీ రేకుల లేత రంగు మాత్రం చిక్కలేదు. దానికి బంగారం కావాలి మరి! కంటికి ఆనని బంగారు రేణువులు గాజులో కలిస్తే ఆ ఎరుపు పుడుతుంది. దానికి ఆర్సెనిక్‌తో చేసిన చిక్కని తెలుపు తోడైతే లేత ఛాయలన్నీ పలుకుతాయి.

చైనాను ఏలిన కాంగ్షీ చక్రవర్తికి యూరప్ ఎనామెల్ పని మీద, అంటే ఇలాంటి గాజు రంగులతో బొమ్మలు వేసే పని మీద, మహా మోజు. 1716లో తన కొలువులో ఉన్న ఇటలీ మిషనరీలు రిపా, కాస్టిల్యోనెలను ఆ పనిలో పెట్టాడు. కార్ఖానాలో బందీలవుతామన్న భయంతో వాళ్ళు కావాలనే అధ్వానంగా గీశారట. చక్రవర్తి చూసి చాలు పొమ్మన్నాడని రిపాయే రాసుకున్నాడు. అయినా కాంగ్షీ పట్టు వదల్లేదు సుమండీ. 1728కల్లా, ఆయన కొడుకు యోంగ్‌జెంగ్ హయాంలో, రాజభవనం కార్ఖానా సొంతంగానే రంగులు తయారు చేసుకుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ పని సాగిన తీరు. గిన్నె కాలేది పింగాణీ ఊరు జింగ్‌డెజెన్‌లో, దాదాపు 1300 డిగ్రీల వేడిలో. అక్కణ్ణుంచి తెల్లగా, బోసిగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బీజింగ్ చేరాలి. అక్కడ కొలువు చిత్రకారులు పూలు వేశాక, తక్కువ వేడిలో మళ్ళీ కాల్చాలి. రెండోసారి కాస్త వేడి తప్పిందా, రంగు పాడైనట్టే. అందుకే ఆ చేతుల ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కాంగ్షీ కాలపు గిన్నెల్లో పూల వెనక పసుపో ఎరుపో నిండా పరిచేవారు. అందమే, కాదనను. కానీ నా మనసు యోంగ్‌జెంగ్ కాలం వాటి మీదే. తెలుపును అలా వదిలేసి, ఒక పక్క కొమ్మ, మరో పక్క కవిత, చిన్న ఎర్ర ముద్రలు. ఖాళీ జాగా కూడా బొమ్మలో భాగమే అక్కడ.

తరవాత చియెన్‌లోంగ్ చక్రవర్తి కాలంలో చేసిన వానకోయిలల గిన్నె ఒకటి, 11 సెంటీమీటర్ల చిన్నది, 2023లో హాంగ్‌కాంగ్ వేలంలో 19.8 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పలికింది. దాని జత గిన్నె లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, పర్సివల్ డేవిడ్ సేకరణలో ఉంది. ఆ డేవిడ్ 1892లో మన బొంబాయిలో పుట్టినవాడే. లండన్‌లో ఉన్న మనవాళ్ళు 95వ గదికి వెళ్ళి చూడండి, టిక్కెట్టు కూడా అక్కర్లేదు.