ఇండెంటు కూడా వైద్యమే

ఎండీ సైకియాట్రీ మూడేళ్లు. స్కిజోఫ్రీనియాను ఎలా గుర్తించాలో, లిథియం వాడేవారికి రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అన్నీ నేర్పారు. ఆ లిథియం స్టోర్‌లో నిండుకోకుండా చూసుకోవడం మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పట్నానికి పరుగెత్తకుండా దగ్గర్లోనే వైద్యం అందాలన్నది ఉద్దేశం. అక్కడి సైకియాట్రిస్టు రోగుల్ని చూస్తే సరిపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణనివ్వాలి. నర్సు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్లతో జట్టు నడపాలి. మందుల కోసం ఫైళ్లు కదిలించాలి. 2018లో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రికార్డులు సరేసరి.

మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ శిక్షణ అంటే కార్పొరేట్ వాళ్ల సరదా అని మా డాక్టర్లలో చాలామందికి చిన్నచూపు. నాకు లేదు. నేను జిల్లాలో పనిచేసే రోజుల్లో ఒకసారి నెలన్నరపాటు లిథియం సరఫరా ఆగిపోయింది. బయట కొనలేక మందు మానేసిన ఓ రైతు, నాలుగేళ్లుగా కుదురుగా ఉన్న మనిషి, నిద్ర మానేశాడు. కాడెడ్లను సగం ధరకు అమ్మేశాడు.

"మందు రాదని ముందే తెలిస్తే అప్పో సప్పో చేసి కొనేవాళ్లం కదా సారూ" అంది అతని భార్య.

ఆ తర్వాత మా ఫార్మసిస్టు ఓ నోటుపుస్తకం పెట్టాడు. ఏ మందు ఎన్నాళ్లకు సరిపోతుందో ప్రతి శనివారం రాసేవాడు. రెండు నెలల నిల్వకు దిగగానే ఇండెంటు వెళ్లిపోయేది. అతనికి ఈ విద్య ఎవరు నేర్పారో!

ఇప్పుడు పీజీలకు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని తప్పనిసరి. మా దగ్గరికొచ్చిన వాళ్లకు మొదటి వారమే ఆ పుస్తకం అప్పగిస్తాను. కేస్‌షీటంత శ్రద్ధగా రాయరుగానీ, రాస్తున్నారు.