మీ ప్రశ్న ఏంటి?

పోయినేడాది ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూని చేజేతులా పోగొట్టుకున్నాను. కొండ అడవులు, మారుతున్న వాతావరణం మీద పరిశోధన. ఇంజనీరింగ్ డిగ్రీ అయినా పర్లేదు, లెక్కలూ కోడింగూ వస్తే ఇంకా మంచిదన్నారు. పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నాకు అది నాకోసమే వేసిన ప్రకటనలా కనిపించింది. ప్యానెల్లో ఒకావిడ, "కొండలంటే ఇష్టమని రాశారు, సంతోషం. మీ ప్రశ్న ఏంటి?" అన్నారు. నా దగ్గర ఇష్టమైతే ఉంది గానీ ప్రశ్న లేదు.

ఆ దిగులుతోనే వారం సెలవు పెట్టి, నీలగిరుల్లో పీహెచ్‌డీ చేస్తున్న మా కాలేజీ జూనియర్ దగ్గరికి వెళ్లాను. ఓదారుస్తాడనుకుంటే చేతిలో వెర్నియర్ కాలిపర్ పెట్టాడు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ తర్వాత దాన్ని ముట్టుకోవడం అదే. అక్కడి చాలా చెట్లలో ఏడాదికో వలయం స్పష్టంగా పడదట. అందుకని మాను చుట్టూ స్టీలు పట్టీ వేసి, స్ప్రింగుతో బిగిస్తారు. మాను లావెక్కితే పట్టీ జరుగుతుంది. ఆ జరిగిన సందుని కొలవాలి.

"పోయినసారికీ ఇప్పటికీ ఎంత తేడా?"

"మిల్లీమీటరు కూడా లేదన్నా."

జలగలు పీక్కుంటూ రోజంతా ఇదే పని. ఆ పట్టీల్లో కొన్ని వాడు కట్టినవి కావు, వాడికి ముందున్న విద్యార్థి కట్టినవి. మాతో వచ్చిన ఆ ఊరాయన బెరడు చూసి చెట్టు పేరు చెప్పేస్తున్నాడు. విద్యార్థులు మారినా ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. డిగ్రీ ఆయనకి రాదు.

నీలగిరుల్లో 1,800 మీటర్లు దాటాక అడవి ఏకంగా ఉండదు. లోయ మడతల్లో, వాగుల వెంట చిక్కటి పొట్టి చెట్ల షోలా. వాలుల మీదంతా గడ్డి. రెండింటి మధ్యా కత్తితో కోసినట్టు అంచు. చెట్లు కొట్టేస్తే మిగిలిన ఖాళీ అనుకున్నాను. తప్పని చెప్పింది అక్కడి చిత్తడి మట్టి. చెట్లూ, ఉష్ణమండలపు గడ్డిజాతుల్లో చాలావరకూ గాలిలోని కార్బన్‌ని వేర్వేరు దారుల్లో తీసుకుంటాయి. ఆ తేడా కార్బన్-13 పాళ్లలో కనిపిస్తుంది, అవి కుళ్లి పొరలుగా పేరుకున్నాక కూడా చెరిగిపోదు. ఆర్. సుకుమార్, ఆయన సహచరులు ఆ పొరల్ని చదివి 1993లో 'నేచర్' పత్రికలో రాశారు: సుమారు 20 వేల ఏళ్ల కిందటి పొడి కాలంలో అక్కడ గడ్డిదే పైచేయి, తర్వాత వానలు బలపడ్డప్పుడు చెట్లది.

అంత పాత గడ్డిని ఇంగ్లీషువాళ్లు బంజరు కింద లెక్కేసి, ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్, వాటిల్ తెచ్చి నాటారు. స్వాతంత్ర్యం వచ్చాక మనమూ నాటాం. ఇప్పుడు వాటిల్‌ని ఎవరూ నాటక్కర్లేదు, తనే గడ్డిలోకి పాకుతోంది. చెట్టు నాటడం ఎక్కడైనా పుణ్యమే అనుకునే నాకు ఇది మింగుడు పడడానికి రెండ్రోజులు పట్టింది.

చలికాలం రాత్రుళ్లు ఆ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. షోలా మొలకలు అంచు దాటి బతకలేకపోవడానికి అదొక కారణమంటారు. వెళ్లిపోయే ముందు రాత్రి అడిగాను: "రాత్రుళ్లు వేడెక్కితే షోలా బయటికొస్తుందా, ఈలోపే వాటిల్ ఆ చోటు పట్టేస్తుందా?"

"ఇదేదో ఇంటర్వ్యూలో అడగాల్సింది కదన్నా," అన్నాడు.

ఈసారి మళ్లీ అప్లై చేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ ప్రకృతి అంటే ప్రేమ అన్న పేరా తీసేశాను. ఆ ప్రశ్న పెట్టాను. ఐదేళ్లలో దానికి నేను చెప్పగలిగే జవాబు చాలా చిన్నదని తెలుసు. నేను కట్టే పట్టీలు చదివేది ఇంకెవరో.

ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37 వేలు, రెండేళ్లయ్యాక 42 వేలు. మా ఫ్లాట్ ఈఎమ్ఐ అంతకంటే ఎక్కువ. మా ఆవిడ ఎక్సెల్ షీట్ తెరిచింది. "ఐదేళ్లంటే పాప నాలుగో క్లాసుకొస్తుంది," అంది. సరే అనలేదు, వద్దనీ అనలేదు. కాసేపు చూసి, 'ఫ్లాట్ అద్దె' అని ఇంకో వరుస కలిపింది.