తాబేలుకు మాట రాదని ఎవరన్నారు?

తాబేళ్లు మాట్లాడుకుంటాయట! అదీ నీళ్లలో, తల్లీ పిల్లలూ! ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాను. మీకూ చెప్పకుండా ఉండలేను.

దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో నదుల్లో అర్రావు అనే తాబేలు ఉంది. అది మెడను డిప్పలోకి లాక్కోదు, పక్కకు మడుచుకుంటుంది. అలా మడుచుకునే తాబేళ్లన్నిటిలోకీ ఇదే పెద్దది. బాగా ఎదిగిన ఆడతాబేలు డిప్ప 80 సెంటీమీటర్లు దాటుతుంది. నదిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు తేలగానే వేలాది తల్లులు ఒకేచోటికి చేరతాయి. ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు!

మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి చూడదు. తాబేలు ఎక్కడున్నా తలపుతోనే పిల్లల్ని సాకుతుందని మన పెద్దలంటారు. అర్రావు తల్లి తలపుతో సరిపెట్టుకోదు. తిన్నె దగ్గర నీళ్లలోనే కాచుకుని ఉంటుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త కమీలా ఫెరారా బృందం ట్రొంబెటాస్ నదిలోనూ తిన్నెల మీది గూళ్లలోనూ మైకులు పెట్టి విన్నది. గుడ్డు పగలకముందే లోపలి నుంచి పిల్లలు శబ్దాలు చేస్తున్నాయి! అవి నీళ్లలో దిగాక తల్లులు బదులు పలుకుతున్నాయి! రేడియో పరికరాలు అమర్చి గమనిస్తే, తల్లులూ పిల్లలూ కలిసే వరద ముంచిన అడవుల వైపు ఈదుకుంటూ పోతున్నాయి.

ఇలాంటి తల్లుల గుడ్లనే మనిషి శతాబ్దాలపాటు తవ్వుకున్నాడు. 1800లో ఒరినోకో మీద ప్రయాణించిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్, ఆ గుడ్ల నుంచి దీపాలకూ వంటకూ నూనె తీయడం కళ్లారా చూసి రాశాడు. మాంసం కోసం వేట సరేసరి. తాబేళ్లు తరిగిపోతుంటే, బ్రెజిల్ 1970ల నుంచి తిన్నెలకు కాపలా పెంచింది. ఫలితం చూడండి: బొలీవియా సరిహద్దున గ్వాపొరే నదీతీరంలో డ్రోన్లతో లెక్కిస్తే 41 వేలకు పైగా తాబేళ్లు తేలాయి! ఆ లెక్క 2025లో వెలువడింది.

గుడ్ల దొంగలూ ఆనకట్టలూ ఇంకా ఉన్నాయి కాబట్టి కాపలా సడలకూడదు. ఈ తాబేళ్ల శబ్దాల రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక్కసారి వినండి, మీ పిల్లలకూ వినిపించండి.